వ్యానా, ప్యానెలా: ముందు ఏది?

ప్రశ్న: మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. డెలివరీకి మూడు డీజిల్ వ్యాన్లున్నాయి. ఒకటి రోజుకు 100 కిలోమీటర్లు తిరుగుతుంది, రెండోది 40. మూడోదాన్ని వారానికోసారి బయటికి తీస్తాం. కరెంటు నెలకు 2,000 యూనిట్ల దాకా కాలుతుంది. వచ్చే ఏడాది నుంచి మా కార్బన్ లెక్క, అంటే మా పని వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోందో చూపించమని పెద్ద కస్టమర్ ఒకరు అడుగుతున్నారు. వ్యాన్లు మూడూ మార్చి ఎలక్ట్రిక్‌వి తెద్దామని మా అన్నయ్య, మేడ మీద సోలార్ పెడదామని నేను. ఉన్న డబ్బు ఏదో ఒకదానికే సరిపోతుంది. ఏది ముందు?

జవాబు: ఈ పంచాయితీ తేలాలంటే ముందు మీ కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియాలి. వ్యాను పొగ కంటికి కనబడుతుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే పడుతుంది. ఎనర్జీ ఆడిట్‌కి నేను వెళ్లిన చోటల్లా ముందు బళ్లే చూపిస్తారు. మీటరు గది తలుపు మాత్రం అడిగి తీయించుకోవాలి.

లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో కూడా తూగని లీటరు డీజిల్ నుంచి అంత బరువు ఎలా వచ్చిందంటారా? మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది. మీ పెద్ద వ్యాను ఏడాదికి 300 రోజులు నడిచి, లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 2,500 లీటర్లు తాగుతుంది. అంటే 6.7 టన్నులు. రెండోది 2.7 టన్నులు. మూడోదాని జోలికి పోకండి. వారానికోసారి కదిలే బండిని మార్చితే, కొత్తదాని తయారీలో వెలువడిన కార్బన్ తీరడానికే ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఇప్పుడు కరెంటు. ఏడాదికి 24,000 యూనిట్లు. బొగ్గు కేంద్రం నుంచి వచ్చే యూనిట్ వెనక కార్బన్ డయాక్సైడ్ కిలో అటూ ఇటూగా ఉంటుంది, జల విద్యుత్తో అణు విద్యుత్తో అయితే చాలా తక్కువ. ఈ కేంద్రాలన్నిటి కరెంటునూ కలిపి మీకు చేర్చే లైన్ల వ్యవస్థ, అంటే మీ గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.7 కిలోలనుకుందాం. మొత్తం 16.8 టన్నులు! మీ వ్యాన్లన్నీ కలిపినా అందులో మూడింట రెండొంతులు కూడా రాదు.

అన్నయ్యగారి మాట ప్రకారం పెద్ద వ్యాను ఎలక్ట్రిక్ అయిందనుకోండి. ఛార్జింగ్‌లో పోయేదాంతో కలిపి కిలోమీటరుకు 0.28 యూనిట్ చొప్పున ఏడాదికి 8,400 యూనిట్లు. అదే గ్రిడ్ మీద 5.9 టన్నులు. 6.7 నుంచి 5.9కి తగ్గడానికి అంత డబ్బు పెట్టాలా? డీజిల్‌ని తవ్వి, శుద్ధి చేసి తేవడంలో అయ్యేది కూడా కలిపితే తేడా కాస్త పెరుగుతుంది గానీ, సోలార్ ముందు తేలిపోతుంది. మంచి ఎండ కాసే చోట 10 కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదికి 13,000 యూనిట్ల వరకు ఇస్తాయి. అంటే 9.1 టన్నులు తగ్గినట్టే. కాబట్టి మీ గ్రిడ్‌లో బొగ్గు ఎక్కువైతే మీ మాటే రైటు. అదే గ్రిడ్ సగటు 0.1 కిలో ఉంటే వ్యాను 6.7 నుంచి 0.84కి పడిపోతుంది, సోలార్‌తో తగ్గేది 1.3 టన్నులే. అప్పుడు అన్నయ్యగారిదే పైచేయి. మీ గ్రిడ్ అంకె ఎంతో కనుక్కున్నాకే కొటేషన్లు తెప్పించుకోండి.

ఇంకో సంగతి. ప్యానెళ్ల కరెంటు అంతా యంత్రాలే వాడేసుకుంటుంటే, మధ్యాహ్నం వ్యానుకు పెట్టిన ఛార్జింగ్‌ని కూడా ‘సోలార్’ అని రాసుకోవద్దు. ఒకే యూనిట్ రెండు చోట్ల పడితే కస్టమర్ ఆడిటర్ మొదట పట్టుకునేది అదే. ప్రెస్‌కు సెలవున్న రోజు ప్యానెళ్లు ఖాళీగానే ఉంటాయి కనక, ఆ రోజు వ్యాన్లను మధ్యాహ్నం దాకా ప్లగ్‌కే ఉంచితే అది నిఖార్సైన ఎండ కరెంటు.

మేడ విషయానికొస్తే, 10 కిలోవాట్లకు ప్యానెళ్లే సుమారు 50 చదరపు మీటర్లు తీసుకుంటాయి, నడవడానికి దారి అదనం. నీళ్ల ట్యాంకు నీడ ఎటు పడుతుందో ఉదయం, సాయంత్రం పైకెక్కి స్వయంగా చూడండి. ఎన్నో ప్యానెళ్లను వరసగా కలిపిన చోట ఒక్క దాని మీద నీడ పడినా మొత్తం వరస ఉత్పత్తి తగ్గే ప్రమాదముంది. ప్యానెల్ మీద రాసిన సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మండుటెండలో ప్యానెల్ కాగిపోతుంది, ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పోతుంది. వేడి ఎక్కువైతే కరెంటూ ఎక్కువే వస్తుందని అనుకోకండి.

వీటన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటి. యంత్రాలన్నీ ఆపేశాక ఎయిర్ కంప్రెసర్‌ని మాత్రం ఆన్‌లో ఉంచి పక్కన కూర్చోండి. గాలి వాడేవాళ్లు లేకపోయినా అది మాటిమాటికీ దానంతటదే స్టార్ట్ అవుతోందంటే పైపుల్లో లీకులున్నట్టే. సబ్బు నురగ పూస్తే బుడగలొచ్చే చోటు దొరుకుతుంది. లీకులు మూసి, తగ్గిన వాడకానికి తగ్గ ప్యానెళ్లు కొనండి.

ప్రశ్న: మా వర్క్‌షాపులో సోలార్ ఉంది. అయినా కరెంటు పోతే అదీ ఆగిపోతోంది, జనరేటరే దిక్కవుతోంది. మోసపోయామా?

జవాబు: లేదు. ప్యానెళ్ల కరెంటును మామూలు కరెంటుగా మార్చి గ్రిడ్‌కి కలిపే ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు లేకపోతే కావాలనే ఆగిపోతుంది. లేదంటే మీ మేడ మీది కరెంటు వెనక్కి పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. కంప్యూటర్లు, లైట్ల వరకు సరిపోయే చిన్న బ్యాటరీ చాలు. చిన్న జనరేటర్ లీటరుకు మూడు యూనిట్లివ్వడమే గొప్ప. అంటే యూనిట్‌కు 0.9 కిలో, బొగ్గు కరెంటుకు తీసిపోదు. దాని లాగ్‌బుక్‌లో గంటలు రాస్తున్నారా? ఎన్ని గంటల బ్యాకప్ కొనాలో అదే చెబుతుంది.

ప్రశ్న: ప్యానెళ్ల తయారీలోనూ కాలుష్యం ఉంటుందంటారు కదా?

జవాబు: ఉంటుంది. తయారీ నుంచి పారేసేదాకా అంతా కలిపి, ఇళ్ల కప్పు మీది సోలార్‌కు యూనిట్‌కు 41 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు, బొగ్గుకు 820 గ్రాములు అని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక మధ్యస్థ అంచనా ఇచ్చింది. ఈ మాట ఎత్తేవాళ్లకు ఆ రెండు అంకెలూ చెప్పండి.

ప్రశ్న: సోలార్ పెట్టాం, కారు ఎలక్ట్రిక్‌ది. గేటుకు ‘కార్బన్ న్యూట్రల్’ అని బోర్డు పెట్టవచ్చా?

జవాబు: వద్దు. మీ వల్ల వాతావరణంలోకి నికరంగా కార్బన్ ఏమీ చేరడం లేదని ఆ మాటకు అర్థం. 2001లో మొదటిసారి వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రమాణం సంస్థల కార్బన్ లెక్కని మూడుగా విడగొడుతుంది: మీరు కాల్చిన ఇంధనం, మీరు కొన్న కరెంటు, మీ సరుకు ముందూ వెనకా జరిగే మిగతాదంతా. మీరు తగ్గించింది మొదటి రెండింట్లో కొంత మాత్రమే. ముడిసరుకు, అద్దె లారీలు, పనివాళ్ల రాకపోకలు, అన్నీ మూడోదాంట్లో పడతాయి. బోర్డు మీద ‘మా కరెంటులో ఇంత శాతం మా కప్పు మీదిదే’ అని అంకెతో రాయండి. మీటర్ రీడింగ్ అడిగినా చూపించగలరు.