డే కేరా, అంగన్‌వాడీనా? అసలు ఖర్చు సాయంత్రం నాలుగు తర్వాతే మొదలవుతుంది

మీ ప్రశ్న ఇది: శ్రీకాకుళంలో ఉంటున్నాం, ఇద్దరం ఉద్యోగస్తులం, బాబుకి మూడేళ్లు. డే కేర్‌లో వేస్తే నెలకి ఎంతవుతుంది, అంగన్‌వాడీలో వేస్తే ఎంత మిగులుతుంది?

మా వాడు రెండు చోట్లా పెరిగాడు. రెండేళ్లు నిండాక ఒక ఏడాది డే కేర్, ఆ తర్వాత అంగన్‌వాడీ. ఇప్పుడు ఒకటో తరగతి. నేను డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా ఆయనది పైడిభీమవరం వైపు మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఊళ్లో వాళ్ల లెక్కలన్నీ చూసేదాన్ని కదా, ఈ లెక్క కూడా ఒక పాత డైరీలో రూపాయి పోకుండా రాసుకున్నాను. అది ముందు పెట్టుకునే చెబుతున్నాను.

డే కేర్‌కి నెలకి 4,500. చేర్చిన రోజు అడ్మిషన్ అని 3,000. టిఫిన్, మధ్యాహ్నం అన్నం, స్నాక్స్ అన్నీ మనమే కట్టి పంపాలి. డైపర్లు మనవే. పండగలకి ఆ రంగు బట్టలు, ఈ రంగు బట్టలు. నెలకి ఎలా చూసినా ఆరు వేలకి తక్కువ కాలేదు. అంగన్‌వాడీకి ఒక్క రూపాయి లేదు. అన్నం వాళ్లదే, గుడ్డు వాళ్లదే, పాలు వాళ్లవే. మామూలుగా జనం ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. ఆరు వేలు మిగిలినట్టే కదా అంటారు.

మిగలదు. అంగన్‌వాడీ పిల్లలు నాలుగులోపు ఇంటికొచ్చేస్తారు. నేను ఇంటికి చేరేది ఏడుకి. ఆ మూడు గంటలు ఎవరు చూస్తారు అన్నదే అసలు ఖర్చు. మీరు దాన్ని అడగలేదు. నేను చెప్పాలనుకున్నది మాత్రం అదే.

డే కేర్‌కి ఆ సమస్య లేదనుకుంటాం. వాళ్ల టైము సాయంత్రం ఆరున్నర వరకు. ఆరున్నర దాటితే ప్రతి అరగంటకి వంద. వ్యాపారుల నెలవారీ జీఎస్టీ రిటర్ను (3బీ) ఆలస్యమైతే గవర్నమెంటే రోజుకి యాభై వేస్తుంది. వీళ్లు అరగంటకి వంద! మొదటి రోజు ఆ కాగితం మీద సంతకం పెడుతూ నవ్వుకున్నాను. నవ్వు 2022 జులైలో పోయింది.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లకి జులై 31 గడువు. ఆ ఏడు 31 ఆదివారం పడింది. పొడిగిస్తారులే అని క్లయింట్లందరూ ధీమాగా కూర్చున్నారు, పొడిగించలేదు. ఆఖరి వారం అందరూ ఒకేసారి ఫారం 16 లు (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క కాగితాలు) పట్టుకుని మా మీద పడ్డారు. ఆ వారంలో ఒక రోజు సాయంత్రం వెబ్‌సైట్ తిరుగుతూ తిరుగుతూ ఒక రిటర్న్ దగ్గర ఆగిపోయింది. సరిగ్గా బయల్దేరే వేళకి వాన. జంక్షన్‌లో ఆటో దొరకలేదు, దొరికినవాడు రెండింతలు అడిగాడు. మా ఆయనది ఆ వారం బీ షిఫ్టు, రాత్రి పదకొండుకి గానీ ఇల్లు చేరడు. ఫోన్ చేస్తే డే కేర్ వాళ్లు ఎత్తలేదు.

వెళ్లేసరికి ఏడూ ఇరవై. లోపల లైట్లు ఆర్పేశారు, వరండాలో ఒక్క బల్బు. మా వాడు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వీపుకి బ్యాగు, మెడలో వాటర్ బాటిల్. బూట్లు తనే వేసుకున్నట్టున్నాడు, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఆరుకే వేసేసుకున్నాడట. గేటు బయట స్కూటీ ఆగినప్పుడల్లా లేచి నిలబడ్డాడట. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది నాకు. ఆయమ్మ నా దగ్గరికి బాబుని తీసుకురాలేదు, ముందు రిజిస్టరు తెచ్చింది. లేటు చార్జీ 200, సంతకం పెట్టండి అంది. తడి చేత్తో పెట్టాను, సిరా అలికిపోయింది. "ఏటమ్మా, రోజూ ఇలాగైతే మేమెప్పుడెల్తాం ఇంటికి?" అంది. ఆవిడకి కూడా ఇంట్లో చిన్న పిల్ల ఉంది. ఆవిడ్ని ఏమనగలను? ఆ రెండు వందల్లో ఆవిడకి ఒక్క రూపాయి కూడా వెళ్లదని తర్వాత తెలిసింది.

ఆ నెల ఫీజు, లేటు చార్జీలు కలిపి మొత్తం చూసి మా ఆడపడుచు ఒక మాట అంది. "నీ జీతంలో మూడో వంతు దానికే పోతోంది కదా వదినా, మానేస్తే పోలా?" నా జీతం అప్పుడు 18,000. లెక్క తప్పు చెప్పలేదు. కానీ డే కేర్ ఫీజు ఎప్పుడూ నా జీతంలోంచే ఎందుకు తీస్తారు? ఆ బాబు మా ఇద్దరికీ పుట్టాడు. అదే ఏడు మా ఆయన కొత్త బండి కొన్నాడు, నెలకి 4,200 ఈఎంఐ. ఆ బండి మీద కంపెనీకి కూడా వెళ్లడు, కంపెనీ బస్సు ఉంది. ఆదివారం అరసవల్లి గుడికి, ఎండాకాలంలో కళింగపట్నం బీచ్‌కి. ఆ 4,200 చూసి ఉద్యోగం మానేయమని ఆయన్ని ఒక్కరూ అనలేదు. మీ ఇంట్లో లెక్క వేసేటప్పుడు మాత్రం రెండు జీతాలూ కలిపి, అందులోంచి తీయండి. మూడో వంతు కాస్తా ఎనిమిదో వంతు, పదో వంతు అవుతుంది.

అత్తగారిని తెచ్చిపెట్టుకోవచ్చు కదా అని ఇంకో సలహా వస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది. మా అత్తగారిది నరసన్నపేట దగ్గర పల్లె. అడిగాను. "నేనొచ్చేస్తే గేదెల్ని ఎవులు సూస్తారమ్మా?" అంది. రెండు పాడి గేదెలు, ఎకరం వరి చేను, మావగారికి షుగరు. ఆవిడ ఖాళీగా ఉందని మనం అనుకుంటాం, అంతే. పది రోజులు వచ్చి ఉంది. ఆ పది రోజుల పాల డబ్బులు పోయాయి. అది కూడా నా డైరీలో రాశాను.

2023 జూన్‌లో మా వీధి అంగన్‌వాడీలో వేశాం. ఆఫీసులో ఒకావిడ "అంగన్‌వాడీలోనా? పోనీ ప్లే స్కూల్ ఏదైనా చూడలేకపోయావా" అంది. ఆ మాట మీరు కూడా వింటారు, సిద్ధంగా ఉండండి. మూడేళ్ల గుంటడికి టై, బెల్టు, నల్ల బూట్లు, సంవత్సరం చివర గ్రాడ్యుయేషన్ డే అని నల్ల గౌను అద్దెకి. ఏం పాసయ్యాడని ఆ గౌను? ముక్కు తుడుచుకోవడం కూడా రాదు వాడికి.

అంగన్‌వాడీ గొప్పగా ఏమీ ఉండదు. మాది అద్దె గది. ఒక ఫ్యాను, ఒక పాత బీరువా, గోడ మీద అ ఆ ఇ ఈలు. బాత్‌రూమ్ వెనక వీధి వైపు. టీచరమ్మ సగం పూట ఫోన్‌తోనే ఉంటుంది. ఆడుకుంటుందని మొదట అనుకున్నాను. పోషణ్ ట్రాకర్ అని ఒక యాప్ ఉంది, ఎవరు వచ్చారు, ఎవరు తిన్నారు, బరువెంత, ఎత్తెంత అన్నీ అందులో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే వీధి చివర వేపచెట్టు కిందకి వెళ్లి ఎక్కిస్తుంది. గర్భిణులు, బాలింతల సరుకులు కూడా ఆవిడే చూడాలి. ఈ మధ్యలో పాతికమంది పిల్లలకి పాటలు.

కానీ ఇంట్లో గుడ్డు చూస్తే మూతి తిప్పుకునేవాడు అక్కడ తిన్నాడు. నేను ఒకరోజు సెలవు పెట్టి కిటికీలోంచి చూశాను. అందరూ వరసగా గోడకి ఆనుకుని కూర్చున్నారు, పళ్లెంలో పప్పన్నం, గుడ్డు. మా వాడు పక్క పిల్లని చూసి పచ్చసొన ముందు తినేసి, తెల్లది వేలితో ఆడించి ఆడించి మింగాడు. నెలకి వెయ్యి రూపాయల హెల్త్ డ్రింక్ డబ్బా మానేశాను ఆ రోజు నుంచి. అది కూడా మిగులులో రాసుకోండి.

ఆ డిసెంబరులో అంగన్‌వాడీ టీచర్లు, ఆయమ్మల సమ్మె వచ్చింది. 12న మొదలై 42 రోజులు. రాష్ట్రమంతా కేంద్రాలు మూతపడ్డాయి, కొన్ని చోట్ల తాళాలు పగలగొట్టించి గ్రామ, వార్డు సచివాలయం వాళ్లతో నడిపించారు, సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. అప్పటికి టీచర్‌కి నెలకి 11,500, ఆయమ్మకి 7,000. వాళ్లు అడిగింది 26,000. నా అవస్థ నాది, సగం సెలవులు, సగం ఆఫీసులో ఫైళ్ల మధ్య చాప వేసి పడుకోబెట్టడం. సంక్రాంతికి ఊరెళ్లి వాడిని వారం అక్కడే వదిలేశాను. అయినా వాళ్ల మీద కోపం రాలేదు. డే కేర్‌లో ఇరవై మంది పిల్లలు, తలకి 4,500, అంటే నెలకి తొంభై వేలు. అక్కడ ఆయమ్మ జీతం ఎంతో అడిగి చూడండి.

ఇంకో రెండు విషయాలు, డబ్బుకి సంబంధించినవే. డే కేర్ నెల చార్జీని ట్యాక్స్‌లో చూపించొచ్చు కదా అని క్లయింట్లు అడుగుతారు. పాత పన్ను పద్ధతిలో మినహాయింపు కింద చూపించేది ట్యూషన్ ఫీజు. ప్లే స్కూల్, నర్సరీ ట్యూషన్ ఫీజు అయితే అందులోకి వస్తుంది, పిల్లాడిని చూసుకున్నందుకు ఇచ్చే డబ్బు రాదు. చదువుకునే పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పదిహేను వేల తల్లికి వందనం మీద ఆశ పెట్టుకోకండి, అది ఒకటో తరగతి నుంచే. అంటే ఖర్చు ఎక్కువగా ఉండే మూడేళ్లూ మనకి ఏమీ లేదు.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం మార్చి, యాభై మంది ఉద్యోగులు ఉన్న చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చన్నారు. మా ఆఫీసులో మేం పన్నెండు మందిమి. శ్రీకాకుళంలో ఆడవాళ్లు పనిచేసే బట్టల కొట్లు, ల్యాబులు, చిన్న స్కూళ్లలో చాలావాటికి యాభై మంది ఎక్కడ ఉంటారు? అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే పాల్నా అని కేంద్ర పథకం ఒకటి ఉంది. మా వీధి దాకా రాలేదు. నన్నడిగితే పట్టణాల్లో ప్రతి అంగన్‌వాడీనీ సాయంత్రం ఆరున్నర వరకు తెరిచి ఉంచి, ఇంకో ఆయమ్మని పెట్టి, మా దగ్గర నెలకి 1,500 తీసుకోవచ్చు. సంతోషంగా ఇస్తాం. డే కేర్‌లు సగం మూసుకుంటాయి. ఇది నా నమ్మకం, వాదించకండి.

మీ ప్రశ్నకి జవాబు: డే కేర్ మాకు నెలకి 6,000 పైన పడింది, అంగన్‌వాడీ దారి 2,300. ఆ 2,300 ఎక్కడిదంటే, నాలుగు నుంచి ఏడు దాకా మా వాడిని చూసింది ఎదురింటి పిన్నమ్మ. ముందు ఆవిడని వెతుక్కోండి, అంగన్‌వాడీ తర్వాత. డబ్బులు చేతికిస్తే మా పిన్నమ్మ తీసుకోలేదు. "గుంటడు నా ఇంట్లో ఆడుకుంటే డబ్బులేటమ్మా" అని తలుపేసుకుంది. నెల రోజులు ఆలోచించి, ఆవిడ పాలవాడితో, కేబుల్ అబ్బాయితో మాట్లాడాను. ఆ రెండు బిల్లులూ మా ఇంటి దగ్గర కట్టించుకునేవారు. మిగతాది ప్రతి నెలా ఒక బియ్యం బస్తా కింద, "మా ఊరి నుంచి వచ్చాయి పిన్నమ్మా" అని దింపేవాళ్లం. నిజానికి అవి మార్కెట్లో కొన్నవే. ఆవిడకి తెలుసు, బస్తా మీద మిల్లు పేరు ఉంటుంది కదా.