కూమాసీలో గీత లేదు, 260 దగ్గర పెద్ద శిఖరం: ఎల్‌పీఎస్ వచ్చినట్టా, రానట్టా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. జబ్బు చేసిన శీలావతి చేప నుంచి వేరుచేసిన ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర పెంచి, వేడి ఫీనాల్–నీటి పద్ధతిలో ఎల్‌పీఎస్ (లిపోపాలీశాకరైడ్, అంటే ఆ బాక్టీరియా బయటి పొరలో కొవ్వుకు చక్కెర గొలుసు అంటుకుని ఉండే పదార్థం) తీశారు. ఎండబెట్టిన కణాలు 1 గ్రాము తీసుకుంటే 90 మిల్లీగ్రాముల తెల్ల పొడి వచ్చింది. జెల్ నడిపి (కరెంటుతో అణువులను సైజువారీగా విడదీసి) కూమాసీ రంగు వేస్తే ఒక్క గీత కూడా లేదు. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 260 నానోమీటర్ల దగ్గర మాత్రం కాంతిని బాగా పీల్చినట్టు పెద్ద శిఖరం కనిపించింది. ఆ పొడిని చేపలకు ఇంజెక్ట్ చేసి రోగనిరోధక స్పందన చూడాలనేది ఎమ్మెస్సీ ప్రాజెక్టు.

ఎల్‌పీఎస్ వచ్చే ఉంటుంది. కాకపోతే మీ పొడిలో ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏ. ఇప్పుడు ఉన్నదున్నట్టు దాన్ని చేపకు ఎక్కించొద్దు.

నేను భీమవరం దగ్గర ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. అంతకుముందు పరిశోధన రోజుల్లో చేపల బాక్టీరియా ఎల్‌పీఎస్ తీయడమే నా పని. అందుకే 90 మిల్లీగ్రాములు అనగానే అనుమానం వచ్చింది. ఈ.కోలై కణం పొడి బరువులో ఎల్‌పీఎస్ 3, 4 శాతమే ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ 20 శాతం దాకా ఉంటుంది. ఏరోమోనాస్ అంకెలు కాస్త అటూ ఇటూ అయినా 9 శాతం శుద్ధమైన ఎల్‌పీఎస్ రావడం జరిగే పని కాదు. దిగుబడి బాగా వచ్చిందని సంబరపడే చోటే ఆగి చూసుకోవాలి.

కారణం పద్ధతిలోనే ఉంది. 1952లో జర్మనీలో వెస్ట్‌ఫాల్, ల్యూడెరిట్జ్, బిస్టర్ దీన్ని ప్రకటించారు. ఫీనాల్, నీరు మామూలు వేడిలో పూర్తిగా కలవవు, సుమారు 66 డిగ్రీలు దాటితే ఒక్కటైపోతాయి. అందుకే 68 దగ్గర 90 శాతం ఫీనాల్‌ను సమాన పరిమాణంలో కలిపి పది, పదిహేను నిమిషాలు కలియబెడతాం. తర్వాత ఐసులో పెట్టి సెంట్రిఫ్యూజ్ చేస్తే రెండు పొరలుగా విడిపోతుంది. ప్రొటీన్లు కింది ఫీనాల్ పొరలోకీ, మధ్యలో కట్టే తెల్లటి తెట్టులోకీ పోతాయి. ఎల్‌పీఎస్ పై నీటి పొరలోకి వస్తుంది, దాంతోపాటే ఆర్‌ఎన్‌ఏ కూడా వస్తుంది. (ఐసుకు మాత్రం మనకు లోటు లేదు. చేపల ప్యాకింగ్ పుణ్యమా అని ఈ చుట్టుపక్కల ఏ ఐసు ఫ్యాక్టరీలో అడిగినా దిమ్మ ఇస్తారు.)

కూమాసీలో గీత లేకపోవడం శుభవార్తే. కూమాసీ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, ఎల్‌పీఎస్‌ను పట్టుకోదు. అంటే ప్రొటీన్ పెద్దగా లేదన్నమాట. ఎల్‌పీఎస్ చూడాలంటే జెల్‌ను ముందు పీరియాడిక్ ఆమ్లంతో ఆక్సీకరించి సిల్వర్ స్టెయిన్ చేయాలి, 1982లో త్సాయ్, ఫ్రాష్ చెప్పిన పద్ధతి అది. ఎల్‌పీఎస్ 260 దగ్గర దాదాపుగా కాంతిని పీల్చదు, కాబట్టి ఆ శిఖరం దానిది కాదు. ఒక్క 260 దగ్గరే చదవకుండా 220 నుంచి 320 వరకు స్కాన్ చేయండి. శిఖరం 258–260 దగ్గరుంటే న్యూక్లియిక్ ఆమ్లాలు (ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ), 270 వైపు జరిగితే ఫీనాల్ ఇంకా వదల్లేదని అర్థం.

ఫీనాల్ వదలడం అనేది మన ప్రాంతంలో నిజంగా పెద్ద తలనొప్పి. డయాలిసిస్‌కు (ద్రావణాన్ని సన్నటి పొర సంచిలో కట్టి, ఫీనాల్ లాంటి చిన్న అణువులు బయటి నీళ్లలోకి పోయేలా నానబెట్టడానికి) డిస్టిల్డ్ వాటర్ లీటర్లకు లీటర్లు పోయాలి, రెండు మూడు రోజులు మారుస్తూనే ఉండాలి. ఇక్కడ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు, డిస్టిలేషన్ యూనిట్ లోపల తెల్లగా పొర కట్టేస్తుంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడైతే కాలేజీలో నీళ్లు దొరకడమే కష్టం. అందుకని ఈ పని కాలువ వదిలి ఉన్న నెలల్లో పెట్టుకోమని నా దగ్గరకొచ్చే పిల్లలకు చెబుతుంటాను. వాసన పోయిందా లేదా అన్నది ముక్కుకు వదిలేయకండి. బయటి నీటిలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగు వచ్చినంతకాలం ఫీనాల్ ఉన్నట్టే. రంగు ఆగాక కూడా ఒకసారి నీళ్లు మార్చండి.

ఆర్‌ఎన్‌ఏ సంగతి. పుస్తకాల్లో 1,05,000 జి (భూమ్యాకర్షణకు అన్ని రెట్లు) దగ్గర అల్ట్రాసెంట్రిఫ్యూజ్ తిప్పమని ఉంటుంది, ఎల్‌పీఎస్ గుంపులు కట్టి బరువుగా ఉంటుంది కాబట్టి అడుగుకు దిగుతుంది, ఆర్‌ఎన్‌ఏ చాలావరకు పైనే ఉండిపోతుంది. ఆ యంత్రం కోసం మీరు విశాఖపట్నమో హైదరాబాదో పోవాల్సి రావచ్చు. దొరక్కపోతే ఎంజైములే దారి. పొడిని మెగ్నీషియం ఉన్న బఫర్‌లో కరిగించి, ఆర్‌ఎన్‌ఏను, డీఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏజ్, డీఎన్‌ఏజ్ వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. తర్వాతే ప్రొటీన్లను కోసే ప్రొటీనేజ్ కె, 60 డిగ్రీల దగ్గర ఓ గంట. ఈ వరస తిప్పకండి, ప్రొటీనేజ్ ముందు వేస్తే మిగతా ఎంజైములను అదే తినేస్తుంది. మళ్లీ డయాలిసిస్ చేసి ఆరబెట్టండి. బరువు సగానికి పైగా పడిపోతే బెంగ పడక్కర్లేదు, పోయింది చెత్తే.

చేపకు ఇంజెక్ట్ చేస్తున్నారు కాబట్టి ఇంకో మాట. మిగిలిపోయిన కొద్దిపాటి లిపోప్రొటీన్ (కొవ్వు అంటిన ప్రొటీన్) కూడా రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. 2000లో హిర్ష్‌ఫెల్డ్ బృందం ఇదే తేల్చింది: మార్కెట్లో దొరికే ఎల్‌పీఎస్‌ను డీఆక్సీకోలేట్ అనే డిటర్జెంట్ కలిపి మళ్లీ ఫీనాల్‌తో శుద్ధి చేస్తే టీఎల్‌ఆర్2 (బాక్టీరియా లిపోప్రొటీన్లను గుర్తుపట్టే గ్రాహకం) ద్వారా వచ్చే స్పందన మాయమైంది. పైగా పాలిచ్చే జంతువులతో పోలిస్తే చేపలు ఎండోటాక్సిన్‌ను (ఎల్‌పీఎస్‌కే ఇంకో పేరు) చాలా ఎక్కువ మోతాదులో తట్టుకుంటాయి. అలాంటప్పుడు మీకు కనిపించే స్పందన ఎల్‌పీఎస్‌దా, మలినానిదా అని ఎగ్జామినర్ అడిగితే జవాబుండాలి. గాజు సామాను 250 డిగ్రీల వేడి ఓవెన్‌లో అరగంట పెట్టండి. ఆటోక్లేవ్ బాక్టీరియాను చంపుతుంది, పాత ఎండోటాక్సిన్‌ను నాశనం చేయదు.

అసలు నన్ను ఆపింది మీ 37 డిగ్రీలు. ఇంక్యుబేటర్ అనగానే 37 పెట్టడం మనకు అలవాటైపోయింది. ఏరోమోనాస్ హైడ్రోఫిలా ఓ:34 రకం 20 డిగ్రీల దగ్గర పెరిగితే పొడవాటి ఓ-గొలుసు (ఎల్‌పీఎస్ చివర బయటికి సాగే చక్కెర గొలుసు) ఉన్న నున్నటి ఎల్‌పీఎస్ చేస్తుంది, 37 దగ్గర పెరిగితే గొలుసు లేని గరుకు రకం చేస్తుంది. మీది ఏ రకమో మీరు రాయలేదు. గరుకు రకమైతే ఫీనాల్–నీటి పద్ధతి అంతగా పనికిరాదు, 1969లో గలానోస్ బృందం చెప్పిన ఫీనాల్–క్లోరోఫాం–పెట్రోలియం ఈథర్ పద్ధతికి వెళ్లాలి.

అది తేల్చుకోవడానికి మళ్లీ లీటర్ల కొద్దీ పెంచనక్కర్లేదు. హిచ్‌కాక్, బ్రౌన్ 1983లో చెప్పిన చిట్కా పద్ధతి ఉంది. కాసిని కణాలను జెల్ శాంపిల్ బఫర్‌లో పది నిమిషాలు మరిగించి, ప్రొటీనేజ్ కె వేసి 60 డిగ్రీల దగ్గర గంట ఉంచి, నేరుగా జెల్‌కు ఎక్కించి సిల్వర్ వేయడమే. 20 దగ్గర పెంచినవీ 37 దగ్గర పెంచినవీ పక్కపక్క వరుసల్లో నడపండి. నిచ్చెన మెట్లలా గీతలు పడితే నున్నటి రకం, అడుగున ఒక్క మచ్చే ఉంటే గరుకు రకం.

రొయ్యల విబ్రియో బాక్టీరియాతో చేస్తున్న మీ స్నేహితురాలి గురించి కూడా అడిగారు. కేడీఓ (ఎల్‌పీఎస్‌లో ఉండే ఒక చక్కెర) రంగు పరీక్షలో ఏమీ రాలేదంటే ఎల్‌పీఎస్ లేదని కాదు. విబ్రియోలో కేడీఓకు ఫాస్ఫేట్ అంటుకుని ఉంటుంది, మామూలు పద్ధతిలో అది పట్టుబడదు. ముందు బలమైన ఆమ్లంతో జలవిశ్లేషణ చేయాలి.

ఇక ఫీనాల్ గురించి గట్టిగానే చెబుతాను. అది చర్మాన్ని కాల్చడమే కాదు, ముందు మొద్దుబార్చేస్తుంది, అందుకే కాలినట్టు తెలియదు. మే నెల ఉక్కలో చేతులకు చెమటలు పడుతున్నాయని గ్లవ్స్ తీసేసే వాళ్లను చూస్తూనే ఉంటాను. చర్మం మీద పడ్డ ఫీనాల్‌ను తుడవడానికి పీఈజీ 400 (పాలీఇథిలీన్ గ్లైకాల్) సీసా పక్కనే ఉంచుకోండి, లేదంటే ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాలీకార్బొనేట్ ట్యూబులు వాడొద్దు, ఫీనాల్‌కు కరిగిపోతాయి. గులాబీ రంగు తిరిగిన ఫీనాల్ పాడైనట్టు, అది కూడా వద్దు. మిగిలిన ఫీనాల్‌ను సింకులో పారబోయకండి. ఇక్కడ ఏ సింకు నీరైనా చివరికి యనమదుర్రు లాంటి ఏదో ఒక డ్రెయిన్‌లోకే పోతుంది.

ముందు ఆ రెండు వరుసల జెల్ నడిపి ఫొటో పెట్టండి. గీతలు ఎక్కడ పడ్డాయో చూస్తే ఉన్న పొడినే శుద్ధి చేయాలా, 20 డిగ్రీల దగ్గర మళ్లీ పెంచాలా అన్నది చెప్పగలను.