టెన్నిస్‌లో ఎదుటివాళ్ల కిట్, బట్టలు చూసి వాళ్లెంత ఆడతారో చెప్పొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. హన్మకొండలో మొదటిసారి క్లబ్ టోర్నమెంట్ ఆడబోతున్నారు. డ్రాలో మీకు ప్రత్యర్థిగా పడిన ఆయన ఆరు రాకెట్లు పట్టే బ్యాగు, హెడ్‌బ్యాండ్, బ్రాండెడ్ టీషర్టుతో కనిపించేసరికి టెన్షన్ మొదలైంది. ఆ వేషాన్ని బట్టి ఆటను అంచనా వేయొచ్చా అని అడిగారు.

కొంతవరకు వేయొచ్చు. కాకపోతే చూడాల్సింది ఖరీదు కాదు, అరుగుదల. చాలా ఏళ్లుగా వరంగల్‌లో పొద్దున్నే కోర్టుకు వెళ్తున్నాను. నాకు పనికొచ్చిన గుర్తులన్నీ అరిగిన చోటే దొరికాయి.

బట్టల గురించి ఎక్కువ ఆలోచించకండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పొద్దున ఏడున్నరకే చెమట రాకెట్ పిడి దాకా కారుతుంది. టోపీ, రిస్ట్‌బ్యాండ్, ఫుల్ హ్యాండ్స్ టీషర్టు ఎవరైనా అవసరం కొద్దీ వేసుకునేవే. అమెరికా ఆటగాడు ఆండ్రీ అగస్సీ 1988 యూఎస్ ఓపెన్‌లో జీన్స్ షార్టు వేసుకుని ఆడాడు. 1988 నుంచి 1990 దాకా వింబుల్డన్‌కు వెళ్లనే లేదు, అక్కడ తెల్లబట్టలే వేసుకోవాలన్న నియమం నచ్చకపోవడం అందుకు ఒక కారణం. 1992లో అదే వింబుల్డన్‌ను తెల్లబట్టల్లోనే గెలిచాడు. బట్టలు మారినా, అవతలివాళ్ల సర్వ్‌ను తిప్పికొట్టే అతని రిటర్న్ మారలేదు.

బ్యాగు విషయానికొస్తే, దాని సైజు వదిలేసి లోపల ఏముందో చూడండి. ఒకే మోడల్ రాకెట్లు రెండు మూడు ఉంటే మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఆట మధ్యలో గట్ (రాకెట్‌కు అల్లిన తీగ) తెగితే చేతికి అలవాటైన రాకెట్టే మళ్లీ కావాలని తెలిసినవాళ్లే అలా పెట్టుకుంటారు. ఒక రాకెట్, రెండు టవళ్లు, నీళ్ల బాటిల్ మాత్రమే ఉంటే ఆ బ్యాగు మీకు చెప్పేదేమీ లేదు.

రాకెట్ చేతికి అందేంత దగ్గర్లో ఉంటే గట్ చూడండి, నా లెక్కలో అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి అదే. స్పిన్‌తో గట్టిగా కొట్టేవాళ్ల రాకెట్‌లో నిలువు తీగలు అడ్డం తీగలను ఒరుసుకుని, కలిసే చోట గాట్లు పడతాయి. ఆ గాట్లు, బంతి నూగు మరకలు మధ్యలో ఒక్క చోటే ఉంటే ఆయన బంతిని సరిగ్గా మధ్యలోనే తీసుకుంటున్నాడని అర్థం. చుట్టూ చెదిరి ఉంటే అంత భయపడక్కర్లేదు. ఇంకో సంగతి, మా కోర్టులో చాలామంది రాకెట్‌ను గట్టింగ్ కోసం హైదరాబాద్ పంపుతారు. పాలియెస్టర్ గట్ తెగకముందే సత్తా కోల్పోతుంది. అది గమనించి, తెగకపోయినా కోయించి, అంత దూరం పంపి కొత్తది వేయించుకునే మనిషి ఆటను గట్టిగా పట్టించుకునేవాడు. అలాంటివాళ్ల మీద ఉచిత పాయింట్లు దొరకవు.

కొత్తవాళ్లను పట్టిచ్చే గుర్తులు కూడా ఉన్నాయి. పిడి మీద షాపు ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచి ఆడటం ఒకటి. వైబ్రేషన్ డ్యాంపెనర్‌ను, అంటే తీగల అదురు తగ్గించే చిన్న ముక్కను, తీగల మధ్యలో, బంతి తగిలే చోట బిగించడం ఇంకొకటి. దాన్ని తీగల అల్లికకు బయటే పెట్టాలని నియమమే ఉంది. మ్యాచులు ఆడినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఇక షూస్. రన్నింగ్ షూస్‌తో వస్తే పక్కలకు కదిలే ఆట ఇంకా అలవాటు కాలేదని అనుకోవచ్చు. ఆ షూస్ ముందుకు పరిగెత్తడానికి చేసినవి, పక్కకు ఆగితే చీలమండ మడతపడొచ్చు. టెన్నిస్ షూస్ అయితే బొటనవేలి దగ్గర చూడండి. కుడిచేతి ఆటగాడు పూర్తి బలంతో సర్వ్ చేస్తే కుడికాలి ముందుభాగం నేల మీద ఈడ్చుకుపోతుంది. అక్కడ రబ్బరు అరిగి ఉంటే ఆ సర్వ్ నడుము, కాళ్ల నుంచి వస్తోందన్నమాట.

ఇక్కడే మా క్లబ్‌లో మార్కర్‌గా పనిచేసే అబ్బాయి గురించి చెప్పాలి. మార్కర్ అంటే మెంబర్లకు బంతులు కొట్టి ప్రాక్టీస్ ఇచ్చే మనిషి. అతని షూస్ ఎవరో మెంబర్ వాడి ఇచ్చినవి, ఒక సైజు పెద్దవి, లోపల రెండు జతల సాక్సులు. టీషర్టు మీద ఏదో కంపెనీ పేరు సగం చెరిగిపోయి ఉంటుంది. రాకెట్ కూడా అలా వచ్చిందే. కుడి షూ బొటనవేలి దగ్గర చిరిగితే చెప్పులు కుట్టే ఆయనతో సైకిల్ ట్యూబ్ ముక్క అతికించుకున్నాడు, ఇప్పుడు ఆ ముక్క కూడా పల్చబడింది. చీకటి విడకముందే కోర్టుకు నీళ్లు చల్లి, రోలర్ లాగి, ఆ తర్వాత వచ్చిన ప్రతి మెంబర్‌కూ ఆ మనిషికి నచ్చిన ఎత్తులో, నచ్చిన వేగంతో బంతి అందిస్తాడు. పెద్దాయనకు నడుము దగ్గరికి మెల్లగా, కుర్రాడికి బ్యాక్‌హ్యాండ్ మూలకు వేగంగా. అంత అదుపు మా మెంబర్లలో ఎవరికీ లేదు. బయటి నుంచి వచ్చినవాళ్లు అతని బట్టలు చూసి బంతులేరే మనిషని అనుకుని, పేరు కూడా అడగరు. నాకు అది బాధగా ఉంటుంది. మన ఊళ్లలో ఈ ఆట నేర్చుకున్న పేద పిల్లల్లో చాలామంది ఇలా పాత రాకెట్లతోనే నేర్చుకున్నారు. వాళ్ల చేతిలోని రాకెట్ ధర చూసి ఆటను లెక్కగట్టడం తప్పే కాదు, అన్యాయం కూడా.

అలాగని పాత రాకెట్ పట్టుకున్న ప్రతివాడూ దాగి ఉన్న మొనగాడని కూడా అనుకోవద్దు. 11 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచిన స్వీడన్ ఆటగాడు బోర్గ్, ఏళ్ల విరామం తర్వాత 1991లో చెక్క రాకెట్‌తోనే మోంటే కార్లోలో దిగి, జోర్డీ అరెసె చేతిలో 6-2, 6-3తో ఓడిపోయాడు. అవతలివాళ్ల గ్రాఫైట్ రాకెట్లు అప్పటికి ఆటనే మార్చేశాయి.

మోకాలి పట్టీ, మోచేతి బెల్టు కనిపిస్తే బలహీనుడని సంతోషపడకండి. మోచేతి బెల్టు చాలాసార్లు ఎక్కువ ఆడినవాళ్లకే అవసరమవుతుంది. రోహన్ బోపన్న తన మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయిందని తనే చెప్పాడు. 2024లో 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు. మన క్లబ్బుల్లో మోకాలి పట్టీతో డబుల్స్ ఆడే పెద్దవాళ్లు పరిగెత్తరు, మనల్ని పరిగెత్తిస్తారు.

మ్యాచ్ రోజున వీటన్నిటికన్నా వార్మప్ ఎక్కువ చెబుతుంది. ఉండేది ఐదు నిమిషాలే కాబట్టి మీ షాట్లు చూసుకుంటూనే అతన్నీ గమనించండి. మీరు కొట్టే క్షణానికి అతను చిన్న గెంతు వేసి సిద్ధమవుతున్నాడా? నెట్ దగ్గర వాలీకి (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్‌కు) పట్టు మారుస్తున్నాడా, లేక ఫోర్‌హ్యాండ్ పట్టుతోనే తోస్తున్నాడా? సర్వ్‌లో బంతిని ప్రతిసారీ ఒకే చోటికి ఎగరేస్తున్నాడా? రెండు బంతులు అతని బ్యాక్‌హ్యాండ్‌కు తక్కువ ఎత్తులో, రెండు భుజం ఎత్తులో వేయండి. ఎక్కడ తడబడ్డాడో గుర్తుపెట్టుకోండి. ఓవర్‌హెడ్‌లు (ఎత్తుగా వచ్చిన బంతిని తల పైనుంచి కొట్టే షాట్లు) అడగకుండానే వార్మప్ ముగించేవాళ్లకు తరచూ ఆ షాట్ మీద నమ్మకం ఉండదు, అవకాశం చూసి అతని తల మీదుగా ఎత్తుగా లాబ్ వేయండి.

టాస్ గెలిస్తే మొదటి మ్యాచ్ కాబట్టి రిసీవ్ తీసుకోండి. మీ చేతులు కుదురుకునేలోపు అతని సర్వ్ ఎలాంటిదో ఒక గేమ్ పాటు చూసుకోవచ్చు.