ముందు ఆయన ప్రశ్న రాయి

తమ్ముడూ,

స్టీవెన్ లెవిట్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నేరాల మీదా పోలీసుల మీదా పరిశోధన చేసిన ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. ఇలాంటి విషయాల జోలికి వెళ్లేవాళ్లు మనలో తక్కువ. అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ మొదటి రెండు పేజీల్లో ఏముంది? 1994లో ఎం.ఐ.టి.లో పీహెచ్‌డీ, 1997లో షికాగో యూనివర్సిటీలో ఉద్యోగం, 2003లో యువ ఆర్థికవేత్తలకిచ్చే జాన్ బేట్స్ క్లార్క్ మెడల్, 2024లో ప్రొఫెసర్ పని నుంచి విరమణ. అన్నీ నిజాలే. కానీ ఒక్క పేరాలో ముగించాల్సిన సంగతులు. ప్రొఫెసర్ బతుకంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆ ప్రశ్న పాఠకుడి బుర్రలో కూడా తిరగడం మొదలుపెట్టాకే ఆ మనిషి మీద ఆసక్తి పుడుతుంది.

ఆ ప్రశ్న చాలా మామూలుగా కనిపిస్తుంది: పోలీసుల్ని పెంచితే నేరాలు తగ్గుతాయా? ఎవర్ని అడిగినా తగ్గుతాయనే అంటారు. కానీ అమెరికా నగరాల లెక్కలు చూసిన చాలామంది పరిశోధకులకు అలా కనపడలేదు. పోలీసులు ఎక్కువున్న నగరాల్లోనే నేరాలూ ఎక్కువున్నాయి. హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద బందోబస్తు ఎక్కువ, పర్సులు పోవడమూ ఎక్కువ. బందోబస్తు వల్లే పర్సులు పోయాయని ఎవరూ అనరు కదా. నేరాలు పెరిగిన చోటే ప్రభుత్వం పోలీసుల్ని పెంచుతుంది. మరి ఏది కారణం, ఏది ఫలితం? అందరూ తట్టుకుని పడ్డది ఇక్కడే. నువ్వు ఇక్కడ కనీసం ఒక పేజీ ఆగాలి. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే దక్కింది.

ఆ తర్వాత లెవిట్ ఏం చేశాడో చెప్పు. మేయర్, గవర్నర్ (అక్కడ గవర్నర్‌ని జనమే ఎన్నుకుంటారు) ఎన్నికలు ఉన్న ఏడాది నగరాలు పోలీసుల్ని ఎక్కువగా చేర్చుకుంటాయని, ఎన్నికలు లేని ఏడాది ఆ పెరుగుదల దాదాపు ఉండదని ఆయన గమనించాడు. ఎన్నికల తేదీని దొంగలు నిర్ణయించరు. కాబట్టి ఎన్నికల వల్ల పెరిగిన పోలీసుల తర్వాత నేరాలు ఎలా మారాయో చూస్తే, కారణాన్నీ ఫలితాన్నీ విడదీయొచ్చు. 59 పెద్ద నగరాల 1970–92 లెక్కలతో ఆయన రాసిన ఈ పేపర్ 1997లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే జర్నల్‌లో వచ్చింది. పోలీసులు పెరిగితే నేరాలు, ముఖ్యంగా హింసతో కూడిన నేరాలు, తగ్గుతాయని అందులో తేల్చాడు. నువ్వు "సంచలన పరిశోధన" అని రాసి వదిలేశావు. ఆ మాట కొట్టెయ్యి. ఎన్నికల తేదీ సంగతి సరిగ్గా విప్పి చెబితే సంచలనం పాఠకుడికే తెలుస్తుంది.

ఇప్పుడు నువ్వు పూర్తిగా వదిలేసిన భాగానికి వస్తాను. 2002లో అదే జర్నల్‌లో జస్టిన్ మెక్‌క్రేరీ ఒక చిన్న పేపర్ రాశాడు. అప్పటికి అతను కాలిఫోర్నియా యూనివర్సిటీ (బర్కిలీ)లో పరిశోధక విద్యార్థి. లెవిట్ లెక్కల్ని మళ్లీ మొదటి నుంచి చేసి చూస్తే, కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక పొరపాటు దొరికింది. ఏడాదికేడాది లెక్కలు బాగా మారిపోయే నేరాలకు తక్కువ ప్రాధాన్యం ఇవ్వాల్సింది పోయి, ఎక్కువ పడింది. దాన్ని సరిచేస్తే ఎన్నికల పద్ధతితో ఏదీ గట్టిగా చెప్పలేని పరిస్థితి. లెవిట్ పొరపాటు ఒప్పుకున్నాడు. అదే సంచికలో ఇంకో దారి చూపించాడు. ఫైర్ సిబ్బందిని చేర్చుకునే నగరాలు పోలీసుల్ని కూడా చేర్చుకుంటాయి, కానీ మంటలార్పేవాళ్ల వల్ల నేరాలు మారవు. ఎన్నికల బదులు ఫైర్ సిబ్బంది సంఖ్యని ఆధారంగా తీసుకుని లెక్కగట్టినా పోలీసుల వల్ల నేరాలు తగ్గుతున్నాయనే వచ్చింది.

దీన్ని వదిలేయడం వెనక నీ మనసు నాకు అర్థమవుతోంది. అభిమానించిన మనిషి తప్పు చూపించడానికి చెయ్యి రాలేదు. కానీ నా దృష్టిలో ఈ వ్యాసానికి ప్రాణం ఇదే. పేరున్న ప్రొఫెసర్ లెక్కని ఒక విద్యార్థి సరిదిద్దడం, ఆ దిద్దుబాటు అదే జర్నల్‌లో అచ్చవడం, ప్రొఫెసర్ జవాబివ్వడం. విద్యారంగం మీద నాకున్న గౌరవం ఇలాంటి వాటి వల్లే నిలబడింది. పైగా కథ అక్కడ ఆగలేదు. మెక్‌క్రేరీ ఆ ప్రశ్నని పట్టుకునే ఉన్నాడు. ఆరన్ చాల్ఫిన్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి 2018లో ఇంకో పేపర్ వేశాడు. ఒక్కో నగరంలో ఎందరు పోలీసులున్నారో చెప్పే రెండు వేర్వేరు ప్రభుత్వ లెక్కల్ని పక్కపక్కన పెట్టి, ఆ లెక్కల్లోనే తప్పులున్నాయని చూపించారు. వాటిని సరిచేస్తే పోలీసుల ప్రభావం, ముఖ్యంగా హత్యల విషయంలో, బలంగా కనిపించింది. పాత జవాబు దగ్గరికే వచ్చారు, ఈసారి గట్టి దారిలో.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన అధ్యయనం కూడా చేర్చు. 1994 జూలై 18న అక్కడి యూదుల కేంద్రం మీద బాంబు దాడిలో 85 మంది చనిపోయారు. ఆ తర్వాత యూదుల, ముస్లింల సంస్థలన్నిటి ముందూ పోలీసు కాపలా పెట్టారు. దొంగతనాలు ఎక్కువున్నాయని పెట్టింది కాదు కాబట్టి ఇక్కడా కారణం, ఫలితం విడిపోయాయి. కాపలా ఉన్న వీధి భాగంలో కార్ల దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి. రెండు వీధులు అవతల తేడా దాదాపు లేదు. డి తెల్లా, షార్గ్రోడ్‌స్కీ అనే ఆర్థికవేత్తలు 2004లో రాసిన పేపర్ ఇది. ఘోరమైన సంఘటన, జాగ్రత్తగా రాయి. చనిపోయినవాళ్లు నీ వ్యాసంలో ఉత్త అంకె అయిపోకూడదు.

ఇంకో సంగతి. "పోలీసులు పెరిగితే అంతా మంచే" అన్నట్టు నీ ముగింపు ఉంది. చాల్ఫిన్, మరి ముగ్గురు కలిసి 2022లో అచ్చువేసిన పేపర్ చదువు. అమెరికాలో పోలీసులు పెరగడం వల్ల దక్కిన ప్రాణాలు, జనాభా లెక్కన చూస్తే, నల్లజాతివారిలోనే ఎక్కువ. అదే పోలీసులు పెరిగినప్పుడు చిన్నచిన్న తప్పులకు అరెస్టయ్యేదీ నల్లజాతివారే ఎక్కువ. ఈ రెండిటినీ ఒకే పేరాలో రాయి. ఒకటి వదిలేస్తే ఒక వర్గం చప్పట్లు కొడుతుంది, ఇంకోటి వదిలేస్తే ఇంకో వర్గం. ఆ చప్పట్ల కోసం రాయకు.

మన పాఠకుడికి ఇదంతా అమెరికా గోల అనిపించొచ్చు. అప్పుడు రాజస్థాన్‌కి తీసుకురా. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరికొందరు అక్కడి 162 పోలీస్ స్టేషన్లలో ప్రయోగం చేశారు. వాళ్లలో నీనా సింగ్ అప్పట్లో స్వయంగా ఐపీఎస్ అధికారి. మన దేశంలో పోలీసు రికార్డుని నమ్మి లెక్క కడితే మోసపోతాం. స్టేషన్‌కి వెళ్లినంత మాత్రాన కేసు కడతారని ఎవరికీ నమ్మకం లేదు కదా. ఎక్కువ కేసులు కట్టిన స్టేషన్ కాగితం మీద ఎక్కువ నేరాలున్న స్టేషన్‌లా కనపడుతుంది. అందుకని వాళ్లు ఇంటింటికీ తిరిగి అడిగారు. మామూలు ఫిర్యాదుదారుల్లా మనుషుల్ని స్టేషన్లకి పంపి, ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ఒప్పుకుంటారో లేదో చూశారు. అలా ఎవరో వస్తుంటారని తెలిశాక కేసులు తీసుకోవడం మెరుగైంది. సిబ్బందికి ఇచ్చిన శిక్షణా పనిచేసింది. వారానికో సెలవు, డ్యూటీల మార్పిడి లాంటివి మాత్రం సరిగ్గా అమలే కాలేదు. ఈ చివరి వాక్యాన్ని మన కానిస్టేబుళ్లు చదివితే ఎంత బాధతో తలూపుతారో నేను ఊహించగలను.

మన హైదరాబాద్ కూడా ఈ పరిశోధనల్లో ఉంది. ఆడవాళ్ల మీద వేధింపుల్ని ఆపడానికి 2014లో మొదలైన పోలీసు బృందాలు, షీ టీమ్స్, మనకి తెలిసినవే. నిశిత్ ప్రకాశ్, మరికొందరు ఆర్థికవేత్తలు నగర పోలీసులతో కలిసి, ఆడవాళ్లకి వేధింపులు ఎక్కువగా ఎదురయ్యే సుమారు 350 చోట్ల గస్తీ ప్రభావం కొలిచారు. మొత్తం వేధింపులు తగ్గలేదు. యూనిఫాంలో గస్తీ ఉన్న చోట మాత్రం తీవ్రమైన వేధింపులు తగ్గాయి. మఫ్టీలో ఉంటే ఆ ఫలితం రాలేదు. నువ్వు ఉండేది హైదరాబాద్‌లోనే కాబట్టి, రోజూ బస్టాపుల్లో నిలబడే నలుగురు అమ్మాయిల్నీ, గస్తీ తిరిగే ఒక మహిళా కానిస్టేబుల్‌నీ కలిసి మాట్లాడు. ఆ పేపర్ చెప్పిన దానికి వాళ్ల మాట సరిపోతుందా, తేడా వస్తుందా? ఏది విన్నా అలాగే రాయి.

ఈ మార్పులతో వ్యాసం పొడవవుతుంది, పర్వాలేదు. ఉద్యోగం, మెడల్ సంగతుల్ని ఒక్క పేరాకి కుదిస్తే కొంత చోటు దొరుకుతుంది. నెలాఖరుకి రెండో ప్రతి పంపు. పేపర్లలో పట్టికలు అర్థం కాకపోతే టెన్షన్ పడకుండా ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య