ద్రోహి అనే మాట కొట్టెయ్యమ్మా

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

మెదడు గడ్డ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో ఒడియా బడిలో చదువుకుని తెలుగులో సైన్సు రాయాలనుకున్నావు, ఆ సంతోషం నాకు చాలా ఉంది. కానీ గ్లయోబ్లాస్టోమా అనే ఆ మెదడు క్యాన్సర్ గడ్డలో, మెదడును కాపాడే మైక్రోగ్లియా కణాలు "శత్రువుతో చేతులు కలిపిన ద్రోహులు" అన్నావే, అక్కడ ఆగిపోయాను.

మా బావగారు ఆ జబ్బుతోనే పోయారు. "ఆయన ఒళ్లే ఆయనకి ద్రోహం చేసిందిట, నిజమేనా?" అని అక్క నన్ను అడిగింది. నీ వ్యాసం అలాంటివాళ్లూ చదువుతారమ్మా.

జరిగేది వేరు. మైక్రోగ్లియా మనం కడుపులో ఉండగానే మెదడుకు చేరి అక్కడే ఉండిపోతాయి. చచ్చిన కణాలను ఎత్తెయ్యడం, దెబ్బ తగిలితే మాన్పడం వాటి పని. గడ్డ కణాలు సీఎస్‌ఎఫ్-1 లాంటి పదార్థాలు వదిలి వాటిని రప్పించుకుంటాయి. రక్తంలోంచి, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లూ వస్తాయి. రెండూ కలిసి గడ్డలో మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా ఉంటాయి. అక్కడ వాటికి అందే సంకేతాలు పుండు దగ్గర అందేవాటిలాగే ఉంటాయి. దాంతో కొత్త రక్తనాళాలు పుట్టడానికి సాయపడతాయి, క్యాన్సర్‌తో పోరాడే టీ కణాల జోరు తగ్గిస్తాయి. పుండు మానడానికి పనికొచ్చే ఆ సేవే ఇక్కడ గడ్డను పెంచుతుంది. ఇందులో ద్రోహం ఎక్కడుంది?

టీ కణాల సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. ఈ గడ్డలోకి అవి వచ్చేదే తక్కువ, వచ్చినవీ అలిసి చేతకానివైపోతాయి. టీ కణాలను మళ్లీ పోరుకు లేపే మందు నివోలుమాబ్. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో పనిచేసిన ఆ మందు, తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాలో పెద్ద ట్రయల్ చేసినా ఆయుష్షు పెంచలేకపోయింది. దానికి ఇదీ ఒక కారణం. అక్కడ ఒక పేరా ఆగు. వాపు తగ్గించే డెక్సామెథసోన్ టీ కణాలనూ అణుస్తుందని రాశావు. నిజమే, కానీ ఆ వాపు ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర ఆపకూడదని పక్కనే రాయి. ఇది మరిచిపోకు.

భాష సంగతి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే. సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని ఆయన సవర భాష నేర్చుకున్నారు. నువ్వేమో "అర్బుద సూక్ష్మపర్యావరణం" అంటున్నావు! "గడ్డ చుట్టూ ఉన్న చోటు" అను, చాలు. మైక్రోగ్లియాను మాత్రం అలాగే ఉంచు. రిపోర్టులో ఆ మాట కనబడితే చదివినవాళ్లు గుర్తుపట్టాలి.

తిరగరాశాక ముందు మీ అమ్మకు చదివి వినిపించు. ఆమె "అంటే?" అన్నచోటల్లా గీత పెట్టి నాకు పంపు. ఆ ప్రతిని అక్కకు నేనే చదివి వినిపిస్తాను.