జీడితోట పోయిన ఇంట్లో చెట్ల చదువా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. పాప బైపీసీ పాసైంది. నీట్‌లో ర్యాంకు సరిపోలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి వెళ్లను, బీఎస్సీ ఫారెస్ట్రీ చదువుతానని పట్టుబట్టింది. ఆడపిల్లకు అడవి ఉద్యోగమేంటి? తెలిసినాయన ఒకరు కార్బన్ క్రెడిట్ల డిప్లొమా ఆన్‌లైన్లో చేయిస్తే మంచి జీతాలొస్తాయన్నారు. నీట్, ఫారెస్ట్రీ, డిప్లొమా మూడింటినీ పోల్చి చెప్పండి. తిత్లీ తుపానులో మా తోట మొత్తం పోయింది. చెట్లను నమ్ముకుని మేం పడ్డది చాలు.

జవాబు: అన్నయ్యగారూ, మీ ప్రశ్న మొత్తం ఆ చివరి రెండు వాక్యాల్లో ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మీ ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు కొబ్బరీ లేదు, జీడీ లేదు. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఆరేడేళ్లు ఆగాలి. అంత దెబ్బ తిన్న మనిషికి కూతురు చెట్ల చదువు అనగానే గుండెల్లో దడ పుడుతుంది. మీ భయాన్ని నేను తక్కువ చేయను.

కానీ ఆ రోజు మీ పాపకి పదేళ్లో పదకొండేళ్లో ఉంటాయి. పడిపోయిన తోటని తనూ చూసింది. ఎందుకు ఈ చదువే కావాలంటోందో ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? ఉత్తరంలో పాప మాట ఒక్కటీ లేదు.

ఫారెస్ట్రీలో నేర్పేది మీకు పనికొచ్చే విషయమే. ఏ నేలకి ఏ చెట్టు, విత్తనం ఏ తల్లి చెట్టు నుంచి తీయాలి, ఎంత ఎడం పెట్టాలి, ఎప్పుడు పలచన చేయాలి. సరుగుడు మీటరు ఎడంతో వేస్తే ఎకరాకి నాలుగు వేల మొక్కలు. టేకు రెండు మీటర్ల ఎడంతో వేస్తే వెయ్యి. ఆ వెయ్యిలో కొన్నింటిని సమయానికి తీసేయకపోతే మిగిలినవి కూడా లావెక్కవు. నాటిన చేత్తో నరకడానికి మనసొప్పక ఎంతమంది రైతులు టేకుని కర్రల్లా పెంచుకుంటున్నారో మీకూ తెలుసు. గాలి విషయమూ అంతే. గోడలా దట్టంగా ఉన్న చెట్ల వరుస వెనక గాలి సుడి తిరిగి విరుచుకుపడుతుంది. కాస్త గాలి దూరనిచ్చే వరుస అయితే తన ఎత్తుకి పది రెట్ల దూరం దాటినా గాలి జోరు తగ్గించగలదు. తిత్లీ అంత తుపానుని ఏ వరుసా ఆపలేదు. అయినా సముద్రం వైపు ఏం వేయాలి, ఒకే పంట బదులు వేటిని కలిపి వేయాలి అన్నది తెలిసినవాళ్లు ఉద్దానానికి కావాలి.

ఇక డిప్లొమా. దీని గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. కార్బన్ క్రెడిట్లు, అంటే గాల్లోని కార్బన్‌ని తగ్గించినందుకు వచ్చే, అమ్ముకోదగిన పత్రాలు, అబద్ధమని అనను. మన దేశంలో వాటి వ్యాపారానికి 2023లో ప్రభుత్వం పథకం నోటిఫై చేసింది. కానీ అందులో అసలు పని ఏమిటి? చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర టేపుతో కొలవాలి. దాన్నుంచి కట్టె బరువు లెక్కగట్టాలి. ఎండు కట్టెలో దాదాపు సగం కార్బన్. ఆ చెట్టు ఎన్నాళ్లు నిలబడుతుందో చెప్పాలి. నాలుగైదేళ్లకి కొట్టేసి రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లుకి పంపే సరుగుడులో ఆ కార్బన్ ఎన్నాళ్లు ఉన్నట్టు? చెట్టు తెలియనివాళ్లు దీనికి జవాబు చెప్పలేరు. ఫారెస్ట్రీ డిగ్రీ చేసినవాళ్లు ఈ పనిని తర్వాత కొన్ని నెలల్లో నేర్చుకోగలరు. డిప్లొమాతో మొదలుపెట్టినవాళ్లకి ఫారెస్ట్రీ అలా కొన్ని నెలల్లో రాదు. ఆ ఫీజు కట్టకండి.

లాంగ్‌టర్మ్ గురించి ఒక్క మాట: పాప వద్దంది. ఇష్టం లేని ఏడాదిని హాస్టల్ గదిలో గడిపించి, ర్యాంకు రాకపోతే మళ్లీ పాపనే తిట్టే ఇళ్లని చాలా చూశాను.

‘ఆడపిల్లకి అడవి ఉద్యోగమా’ అన్న మాటకి మాత్రం కోపం వచ్చింది, దాచుకోను. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కల నూనెకి వేళ్లు కాలుతున్నా పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడ ఎవరికీ ఆడపిల్ల గుర్తురాలేదు. ఆఫీసరు కుర్చీ దగ్గరకొచ్చేసరికే గుర్తొస్తోంది. ఐఎఫ్ఎస్‌కి (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) ఎంపికయ్యే మహిళలకి నడక పరీక్ష 4 గంటల్లో 14 కిలోమీటర్లు. ఊళ్లో రోజూ తిరిగే పిల్ల అలవాటు చేసుకుంటే నడవలేదా?

అడవి ఒక్కటే దారి కూడా కాదు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకి ఫారెస్ట్రీ డిగ్రీ చెల్లుతుంది. ఎమ్మెస్సీకి డెహ్రాడూన్‌లో 1906 నుంచి ఉన్న ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కాగితం మిల్లుల ప్లాంటేషన్ విభాగాలు, నర్సరీలు ఉన్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలకంటే తక్కువే ఉంటుంది. సర్కారీ పోస్టులు కొన్నే, పోటీ ఎక్కువ. ఇది తెలిసే వెళ్లాలి.

కాలేజీల్లో భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం (ఓయూఏటీ) చూడండి. పలాస నుంచి రైల్లో విజయవాడ కంటే దగ్గర. తమిళనాడులో మెట్టుపాలయం, కేరళలో వెల్లానిక్కర, కర్ణాటకలో శిర్సి ఉన్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వాటా సీట్లు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష స్కోరుతో నింపుతారు, ఈ ఏడాది జాబితాలో ఏ కాలేజీలు ఉన్నాయో చూసుకోండి. ప్రైవేటులో చేరాల్సి వస్తే ఐసీఏఆర్ గుర్తింపు ఉందని కాగితం చూశాకే డబ్బు కట్టండి. ఆప్షన్లలో ఫారెస్ట్రీ తర్వాత బీఎస్సీ అగ్రికల్చర్ కూడా పెట్టుకోవచ్చు, ఏదో ఒకటి చేతిలో ఉందన్న ధైర్యం మీకూ ఉంటుంది. ఆప్షన్లు పెట్టే రోజు కంప్యూటర్ ముందు పాపని కూర్చోనివ్వండి. మీరు పక్కన కూర్చోండి.