పెళ్ళి విందులో మతపెద్దలను ఎలా సంబోధించాలి?

మీ అక్కగారి పెళ్ళి విందులో మీరు మాట్లాడవలసి ఉందనీ, పురోహితులు, పాస్టర్ గారు, ఇమామ్ గారు ముగ్గురూ అక్కడ ఉంటారనీ, ఎవరిని ఏమనాలో, ఏ వరుసలో చెప్పాలో తెలియడం లేదనీ రాశారు. నమస్కారం మీ ఇంటి పద్ధతిలో చేయండి. పిలుపు మాత్రం వారి సంఘంలో, వారి వీధిలో వారిని ఎలా పిలుచుకుంటారో అలాగే ఉండాలి. మూడు మతాల పలకరింపులూ వరుసగా అప్పజెప్పడం ఎన్నికల సభల్లో చూస్తుంటాం. పెళ్ళింట్లో అది అవసరం లేదు. మనస్ఫూర్తిగా చేసిన ఒక్క నమస్కారాన్ని ఎవరూ కాదనరు.

మా అన్నయ్య కూతురి పెళ్ళి గుంటూరులోనే జరిగింది. అబ్బాయి వాళ్ళది లూథరన్ కుటుంబం. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చిన నాటి నుండీ వేళ్ళూనుకున్న సంఘం కాబట్టి, ఆ ఇళ్ళలో తరతరాల చర్చి సంప్రదాయం ఉంటుంది. ఉదయం చర్చిలో ప్రార్థన, రాత్రి మా పద్ధతిలో మాంగళ్యధారణ, మరునాడు సాయంత్రం లక్ష్మీపురంలో విందు. కార్యక్రమం నడపడానికి ఈవెంట్ వాళ్ళు ఒక యాంకర్‌ని పంపారు. అతడు ఫోనులో చూసి చదువుతూ మొదట ఒక రాజకీయ నాయకుడికి నాలుగు విశేషణాలు తగిలించాడు. తరువాత పాస్టర్ గారిని ‘మన చర్చి ఫాదర్ గారు’ అన్నాడు. ఆయన భార్య, మనవరాలు పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. మా నాన్నగారి చిరకాల మిత్రులైన ఇమామ్ సాహెబ్‌ను ‘ముల్లా గారు’ అన్నాడు. ముందు రాత్రి తెల్లవారుజాము దాకా పీటల దగ్గర కూర్చుని మంత్రం చెప్పిన పురోహితుల పేరు అసలు ఎత్తలేదు. ఆయన రెండో వరుసలో ఉత్తరీయం సర్దుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు అన్నయ్య మైకు అందుకున్నాడు. శుభలేఖ కవరు వెనుక పెద్ద అక్షరాలతో రాసుకున్న పేర్లు జేబులోంచి తీశాడు. ఆ పేర్లు అతడు ముందే ఒక్కొక్కరి ఇంటికి ఫోను చేసి అడిగి రాసుకున్నవి. యాంకర్‌ని పల్లెత్తు మాట అనకుండా, ‘మా అమ్మాయి మెడలో మూడు ముళ్ళూ వేయించిన బ్రహ్మశ్రీ శర్మ గారికి, వధూవరుల కోసం ప్రార్థించిన రెవరెండ్ అయ్యగారికి, వారితో పాటు వచ్చి ఆశీర్వదించిన అమ్మగారికి, మా నాన్నగారి స్నేహితులు ఇమామ్ సాహెబ్ గారికి మా కుటుంబం తరఫున నమస్కారాలు’ అని, ప్రతి పేరూ పూర్తిగా పలికాడు. పాస్టర్ గారు కుర్చీలోంచి సగం లేచి చేతులు జోడించారు. అంతవరకూ తలవంచుకుని ఉన్న ఇమామ్ సాహెబ్ గుండెల మీద చేయి ఉంచుకున్నారు. నాయకుడి పేరు ఆ తరువాత వచ్చింది, దానికి ఆయనేమీ నొచ్చుకోలేదు.

వరుస విషయంలో నా మాట కచ్చితంగా ఇదే: పెళ్ళి జరిపించినవారు ముందు, తరువాత వయసులో పెద్దవారు, పదవుల్లో ఉన్నవారు ఆ తరువాత. ఈ రోజుల్లో మన మండపాల్లో ఇది తలకిందులైపోయింది. పురోహితుల చేత ముహూర్తం పెట్టించుకుని, ఆయన మంత్రం చెబుతుండగానే ఫొటోగ్రాఫర్ ‘ఒక్క నిమిషం ఆగండి’ అంటే ఆపించి, విందునాడు పేరు కూడా తలవకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక పిలుపుల సంగతి. ‘ఫాదర్ గారు’ అనేది కథోలికుల పిలుపు, ఆ గురువులు పెళ్ళి చేసుకోరు. గుణదల మరియమాత కొండ దగ్గర అది సహజం. లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు సంఘాలలో ‘పాస్టర్ గారు’ లేదా ‘అయ్యగారు’ అంటారు, వేదిక మీద పేరుకు ముందు ‘రెవరెండ్’ చేరుస్తారు. బిషప్పులు కథోలికులకూ ఉన్నారు, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలకూ ఉన్నారు, బిషప్పు పరిధిని కథోలికులు మేత్రాసనం అంటారు, సి.ఎస్.ఐ. వారు అధ్యక్ష ఖండం అంటారు, కాబట్టి ఎక్కడి బిషప్పు గారో ముందే కనుక్కోండి. ఇంటికి వచ్చి పెళ్ళి చేయించిన పురోహితులను ‘పూజారి’ అనకండి. గుడిలో స్వామికి అర్చన చేసేవారు అర్చకులు, ఇద్దరి పనీ వేరు. వేదం ఘనాంతం, అంటే ఘన అనే కఠినమైన పాఠపద్ధతి దాకా, చదివినవారైతే ‘ఘనపాఠి’ అని తప్పక చెప్పండి, ఎన్నో ఏళ్ళ చదువుకు అది గుర్తింపు. వైష్ణవ ఆచార్యులకు పేరు ముందు ‘శ్రీమాన్’ వాడుక. మసీదులో నమాజు చేయించేవారు ఇమామ్ సాహెబ్, నిఖా చదివించేవారు ఖాజీ సాహెబ్. హజ్ చేసి వచ్చినవారిని మాత్రమే హాజీ గారు అనాలి. ఏదైనా మఠం నుండి శేషవస్త్రం (దేవుడికి సమర్పించి ప్రసాదంగా ఇచ్చే వస్త్రం), ప్రసాదం తెచ్చినవారు ఉంటే, వారిని స్వామివారి ప్రతినిధిగానే పేర్కొని, స్వామివారి పూర్తి నామం మఠం వారినే అడిగి రాసుకోండి.

‘వేదికపై ఉన్న మతపెద్దలందరికీ’ అని ఒక్క మాటతో ముగించడం నాకు అసలు నచ్చదు. పని మానుకుని వచ్చిన మనిషికి పేరు వినబడాలి. శాలువా విషయంలోనూ జాగ్రత్త అవసరం: సన్యాసులను తాకి కప్పకూడదు, పళ్ళెంలో పెట్టి అందించాలి, సిస్టర్స్ (క్రైస్తవ సన్యాసినులు) వస్తే ఆడవాళ్ళ చేత ఇప్పించండి. సంభావన ఎంతో మైకులో ఎవరూ చదవకుండా చూసుకోండి.

ఆశీర్వచనమో, ప్రార్థనో, దువాయో చేయమని కోరదలిస్తే ముందురోజే అడిగి, మీ మాటలు రెండు నిమిషాల్లో ముగించి, భోజనాల పిలుపు రాకముందే మైకు వారి చేతికి ఇవ్వండి.